వైర్‌లెస్ కాలర్ మైకు ఎంచుకోవడం: ఫోన్ పోర్టు నుంచి పెళ్లి మండపం దాకా

‘పది వేలల్లో మంచి కాలర్ మైకు ఏదో చెప్పండి’ అని అడిగేవాళ్లు చాలామంది. ధర ఒక్కటే తెలిస్తే దీనికి సరైన జవాబు కుదరదు. గదిలో కూర్చుని పాఠం చెప్పే మాస్టారికి ఏళ్ల తరబడి పనికొచ్చే మైకే పెళ్లిలో పురోహితుడికి పెడితే మొదటి ముహూర్తానికే చేతులెత్తేయవచ్చు. ముందు తేలాల్సినవి రెండు. మీ ఫోనుకో కెమెరాకో ఉన్న పోర్టు ఏది? మీరు తీసే చోట జనం ఎంతమంది? పెట్టె మీద అచ్చేసిన మీటర్ల లెక్క ఆ తర్వాత చూడొచ్చు.

ఒక సెట్టులో రెండు భాగాలుంటాయి. మాట్లాడే మనిషి బట్టలకు పెట్టేది ట్రాన్స్‌మిటర్. ఫోనుకో కెమెరాకో తగిలించేది రిసీవర్. ఇక్కడి నుంచి ఈ రెండు పేర్లే వాడదాం.

1. కొనేముందు కాగితం మీద పెట్టాల్సిన నాలుగు సంగతులు

- మాట్లాడేవాళ్లు ఎందరు? ఒక్కరా, ఇద్దరా?
- దేంతో తీస్తున్నారు? ఫోనా, కెమెరానా, రెండూనా?
- ఎక్కడ తీస్తున్నారు? మూసిన గదా, మండపమా, పొలమా, కొండ మీదా?
- పొరపాటు జరిగితే మళ్లీ చెప్పించుకునే వీలుందా?

అన్నిటికన్నా ఖర్చును తేల్చేది నాలుగోది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఆయన్ని ‘ఇంకోసారి చెప్పండి సార్’ అని అడగొచ్చు. దామలచెరువు మామిడి మండీలో వేలం పాట మళ్లీ పాడమని అడగలేం. మాంగల్యధారణ మంత్రం సంగతి చెప్పనక్కర్లేదు. మళ్లీ దొరకని పనికి, ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డయ్యే సౌకర్యం లేని సెట్టు ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనిషి కుర్చీలోంచి కదలకపోతే వైర్‌లెస్సే అక్కర్లేదు. బోయా బీవై-ఎం1 లాంటి వైరున్న కాలర్ మైకుకు 6 మీటర్ల వైరు వస్తుంది, బటన్ బ్యాటరీ ఒకటి వేస్తే చాలు. సిగ్నల్ తెగే బాధ ఉండదు, ఛార్జింగ్ గొడవ ఉండదు. యూట్యూబ్ పాఠాలు చెప్పేవాళ్లు మొదటి ఏడాది దాంతో గడిపి, మిగిలిన డబ్బు మంచి లైటుకు పెట్టడం తెలివైన పని.

2. పోర్టు చూసుకోండి

మైకు కొన్నాక వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడివే. మైకు బాగానే ఉంటుంది, పరికరంతో పొత్తు కుదరదు.

ఆండ్రాయిడ్ ఫోను, ఐఫోన్ 15, ఆ తర్వాతివి: వీటికి యూఎస్‌బీ-సి రిసీవర్ కావాలి. ఐఫోన్ 14, అంతకుముందువాటికి లైట్నింగ్ రిసీవర్. ఇంట్లో రెండు రకాల ఫోన్లూ ఉంటే, రెండు ప్లగ్గులూ మార్చుకునే రిసీవర్ ఉన్న సెట్టు తీసుకోండి.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఓటీజీ’ (బయటి పరికరాన్ని ఫోనుకు తగిలించి వాడే సౌకర్యం) ఆన్ చేస్తే తప్ప రిసీవర్‌కు కరెంటు అందదు. ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లు వాడేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. పైగా, కాసేపు ఏదీ తగిలించకపోతే ఆ ఓటీజీ దానంతట అదే ఆఫ్ అవుతుంది. ‘నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు’ అన్నవాటిలో చాలావాటికి కారణం ఇదే.

ఫోన్ కవరు మందంగా ఉంటే రిసీవర్ ప్లగ్గు లోపలి దాకా దిగదు. లైటు వెలుగుతుంది, శబ్దం మాత్రం ఫోన్ సొంత మైకు నుంచే వస్తుంది. కవరు తీసి తగిలించండి.

కొన్ని ఫోన్లలో అసలు కెమెరా యాప్ బయటి మైకును పట్టించుకోదు. అలాంటప్పుడు ఓపెన్ కెమెరా యాప్‌లో ఆడియో సోర్స్‌ను బయటి మైకుకు మార్చి తీయొచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ నడిచే ఫోనైతే అందులోనూ మైకు ఎంచుకోవచ్చు. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో నేరుగా తీసి మైకును అంచనా వేయకండి. అక్కడ శబ్దాన్ని యాప్ బాగా నొక్కేస్తుంది.

ఇక కెమెరా. 3.5 మిల్లీమీటర్ల మైక్ సాకెట్ ఉందో లేదో మొదట కళ్లారా చూడండి. కానన్ 1500డీకి లేదు, నికాన్ డీ3500కీ లేదు. వాటితో తీసేవాళ్లు శబ్దాన్ని వేరుగా రికార్డు చేసి ఎడిటింగ్‌లో కలపాల్సిందే. కానన్ 200డీ మార్క్ 2కు మైక్ సాకెట్ ఉంది, హెడ్‌ఫోన్ సాకెట్ లేదు. అలాంటి కెమెరాకు, రిసీవర్‌లోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే వీలున్న సెట్టు కొనాలి.

వైరు కొసన ఉన్న నల్లని గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే టీఆర్ఎస్, అది కెమెరాకు. మూడు గీతలుంటే టీఆర్ఆర్ఎస్, అది హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న పాత ఫోనుకు. ఇవి తారుమారైతే శబ్దం అసలు రాదు, లేదా దూరంగా నూతిలోంచి వచ్చినట్టు వస్తుంది.

3. ఏ రకం సిగ్నల్: బ్లూటూత్, 2.4, యూహెచ్ఎఫ్

బ్లూటూత్‌తో మాత్రమే నడిచే మైకులు వీడియోకు వద్దు. శబ్దం పెదవుల కదలిక కన్నా వెనకబడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఆలస్యం రెండు మూడు ఫ్రేములు దాటితే చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే చిన్న సెట్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ రకం. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ 2, హాలీల్యాండ్ లార్క్ ఎం2 ఈ కోవలోవే. లైసెన్సు అక్కర్లేదు, ఆలస్యం వినేవాళ్లు పసిగట్టలేనంత తక్కువ. వందకు తొంభై మందికి ఇవి చాలు.

వీటి మీద 200, 250, 300 మీటర్లని రాసి ఉంటుంది. అది అడ్డం ఏమీ లేని మైదానంలో, ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టినప్పటి లెక్క. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు పీల్చేస్తుంది, మనిషి ఒళ్లంతా నీరే. మాట్లాడే ఆయన వీపు తిప్పితే ఆయన దేహమే అడ్డుగోడ. దానికి తోడు వైఫై, బ్లూటూత్, ఫోన్ల హాట్‌స్పాట్లు చాలావరకు ఇదే బ్యాండులో తిరుగుతాయి. నాలుగైదు వందల ఫోన్లున్న కల్యాణ మండపంలో 200 మీటర్ల సెట్టు 15, 20 మీటర్ల దగ్గరే తడబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. జనంలో తీసేవాళ్లు పెట్టె మీది అంకెలో పదో వంతు లెక్కేసుకుని పని మొదలుపెట్టడం మేలు.

సెన్‌హైజర్, సోనీలు చేసే యూహెచ్ఎఫ్ సెట్లు (2.4 గిగాహెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచేవి) జనంలో ఇంతకన్నా నిలకడగా ఉంటాయి. మామూలు ఏఏ బ్యాటరీలతో నడిచేవీ ఉన్నాయి కాబట్టి మధ్యలో ఛార్జింగ్ అయిపోయినా భయం లేదు. కాకపోతే ఖరీదు ఎక్కువ, ఫ్రీక్వెన్సీ చేత్తో కుదుర్చుకోవడం నేర్చుకోవాలి. పైగా మన దేశంలో యూహెచ్ఎఫ్‌కు ఫ్రీక్వెన్సీ అనుమతి సంగతి ఉంటుంది, అమ్మేవాళ్లతో అది తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. రోజూ సభలు, పెళ్లిళ్లు తీసే స్టూడియోకైతే ఇవి సరే. ఛానెల్ నడిపే ఒంటరి మనిషికి అనవసరం.

4. డబ్బు ఏ సౌకర్యానికి పెట్టాలి

ప్రాధాన్యం ఇదే వరసలో చూసుకోండి.

మొదటిది, ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డింగ్. సిగ్నల్ తెగినా, కెమెరా వైరు ఊడినా, మాట్లాడే ఆయన జేబు దగ్గరున్న మైకులో మాట మాటగా ఉంటుంది. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ 2, రోడ్ వైర్‌లెస్ ప్రో, హాలీల్యాండ్ లార్క్ మ్యాక్స్‌లలో ఇది ఉంది. లార్క్ ఎం2, డీజేఐ మైక్ మినీలలో లేదు. ఆ రెండూ 9, 10 గ్రాముల బరువుతో చాలా హాయిగా ఉంటాయి, మళ్లీ తీయగలిగే పనులకు బంగారంలాంటివి. పెళ్లికి మాత్రం వాటి మీదే ఆధారపడకండి.

రెండోది, సేఫ్టీ ట్రాక్. అదే శబ్దాన్ని తక్కువ లెవెల్‌లో ఇంకో ట్రాకులో రాసిపెడుతుంది. గట్టిమేళం మొదలవగానే అసలు ట్రాకు పగిలిపోతే ఇది ఆదుకుంటుంది.

మూడోది, 32-బిట్ ఫ్లోట్. డీజేఐ మైక్ 2, రోడ్ వైర్‌లెస్ ప్రోలలో ఉంది. లెవెల్ ఎక్కువైనా తక్కువైనా ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. దీని మీద అపోహ ఒకటుంది. ఆ లాభం ట్రాన్స్‌మిటర్‌లో దాచిన ఫైలుకే గాని, 3.5 వైరు ద్వారా కెమెరాకు వెళ్లే శబ్దానికి వర్తించదు. కెమెరాలో పగిలిన శబ్దం పగిలినట్టే ఉంటుంది.

నాలుగోది, ట్రాన్స్‌మిటర్‌కు 3.5 సాకెట్. చిన్న మైకు విడిగా తగిలించి, ట్రాన్స్‌మిటర్‌ను నడుం దగ్గర దాచుకోవచ్చు. చీర కట్టుకున్నవాళ్లకు, చొక్కా లేకుండా ఉండే అర్చకులకు ఇది తప్పనిసరి. మరీ చిన్న సెట్లలో ఈ సాకెట్ ఉండదు.

నాయిస్ క్యాన్సిలింగ్ అన్నది ప్రకటనల్లో ముందుంటుంది, మన వరసలో చివర్న పెట్టండి. ఫ్యాను హోరు తగ్గుతుంది నిజమే. నాదస్వరం, డోలు వెనక ఉన్నప్పుడు మాత్రం మనిషి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. ఆఫ్‌లో ఉంచి తీసి, అవసరమైతే ఎడిటింగ్‌లో తగ్గించుకోండి. తీసేటప్పుడే కోసేసిన ధ్వని మళ్లీ రాదు.

ధరల విషయం క్లుప్తంగా. వెయ్యి లోపు కే8, కే9 పేర్లతో దొరికేవి రీల్స్‌కు సరిపోతాయి. వాటిలో లెవెల్ మార్చుకునే వీలుండదు, వినే వీలుండదు, ఒకే పేరుతో వచ్చిన రెండు పీసులు ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకమూ లేదు. పాఠాలకు, ఇంటర్వ్యూలకు పేరున్న కంపెనీ సెట్టు ఐదు వేల నుంచి పదిహేను వేల మధ్య చూసుకోవచ్చు. లోపలి రికార్డింగ్ కావాలంటే సాధారణంగా ఇంకొంచెం ఎక్కువకు సిద్ధపడాలి.

5. దుకాణంలో పావుగంట పరీక్ష

తిరుపతి, చిత్తూరు వాళ్లు చాలామంది చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొంటారు. ధర తగ్గుతుంది గాని బిల్లు లేకుండా ఇస్తామంటే వద్దనండి. వారంటీకి మళ్లీ అంత దూరం వెళ్లినా బిల్లు లేనిదే పని జరగదు. మీ ఫోన్, మీ కెమెరా, వైరున్న హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి. దుకాణం వాళ్ల ఫోన్‌లో వినిపిస్తే లెక్కలోకి రాదు.

1) సెట్టును మీ ఫోన్‌కే తగిలించండి. రికార్డింగ్ మొదలుపెట్టి ట్రాన్స్‌మిటర్ మీద వేలితో చిన్నగా గీకండి. గీకిన శబ్దం గట్టిగా పడితే అది ఆ మైకు నుంచే వస్తున్నట్టు. లేకపోతే ఫోన్ సొంత మైకే వింటోంది.

2) పది సెకన్లు ఏమీ మాట్లాడకండి. తర్వాత హెడ్‌ఫోన్‌లో ఆ మౌనాన్ని వినండి. ‘స్’ అన్న రొద ఎంత ఉందో తెలుస్తుంది.

3) మామూలు గొంతుతో, గుసగుసగా, గట్టిగా అరుస్తూ ఒక్కో వాక్యం చెప్పండి. అరిచినప్పుడు చిర్రుమంటే, లెవెల్ తగ్గించి మళ్లీ అరవండి. అప్పటికీ చిర్రుమంటే ఆ మైకు వదిలేయండి.

4) ట్రాన్స్‌మిటర్ ఛాతీకి పెట్టుకుని, అంకెలు లెక్కపెడుతూ ముప్పై అడుగులు వేయండి. వెళ్లేటప్పుడు వీపు రిసీవర్ వైపు, వచ్చేటప్పుడు ముఖం అటు. రిచీ స్ట్రీట్ రద్దీ ఈ పరీక్షకు మంచిదే, అక్కడ తెగకపోతే మన మండపంలో తెగే అవకాశం తక్కువ. ఏ అంకె దగ్గర మింగేసిందో రికార్డింగ్‌లో దొరికిపోతుంది.

5) నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి ఇవే మాటలు చెప్పండి.

6) లోపలి రికార్డింగ్ ఉందని చెబితే, అక్కడికక్కడే ఒక నిమిషం రికార్డు చేసి ఆ ఫైలు తెరిచి చూపించమనండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ఇవే పరీక్షలు వాపసు గడువు ముగిసేలోపు ఇంట్లో చేయండి. ముహూర్తం రోజు ఉదయం పెట్టె విప్పకండి.

6. మైకు తగిలించడం: పట్టుచీర, పంచె, నగలు

నోటికి జానెడు కింద, ఛాతీ మధ్యలో మైకు ఉండాలి. 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఆ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం అలాగే ఉంటుంది. మరీ గడ్డం కిందికి జరిపితే మాట మొద్దుబారుతుంది.

చొక్కా వేసుకున్నవాళ్లకు రెండు గుండీల మధ్య పట్టీకి క్లిప్పు పెట్టడం తేలిక. గంజి పెట్టిన కాటన్ చొక్కా, కొత్త ఖద్దరు గరగరమంటాయి. క్లిప్పు కింద రెండు వేళ్ల వెడల్పు టేపు వేసి, బట్ట మైకుకు రాసుకోకుండా ఆపండి. మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపు దీనికి సరిగ్గా సరిపోతుంది.

పట్టుచీరలో పమిట అంచుకు పెట్టిన మైకు, చెయ్యి కదిలినప్పుడల్లా జరీ రాపిడిని రికార్డు చేస్తుంది. భుజం దగ్గర పిన్ను పెట్టిన మడతకు, పిన్నుకు బెత్తెడు కింద తగిలించండి. అక్కడ బట్ట తక్కువ కదులుతుంది. తాళి, నల్లపూసలు, హారం మైకుకు తగులుతాయేమో ముందే చూడాలి. ఆమెను ఒకసారి తల తిప్పమని, ఒకసారి నమస్కారం పెట్టమని అడిగి, హెడ్‌ఫోన్‌లో టిక్కుమన్న చప్పుడు వినిపిస్తుందేమో గమనించండి. వినిపిస్తే మైకును రెండో వైపు మార్చండి. హారం తీయమని ఎవరినీ అడగలేం.

పురోహితుడి ఒంటి మీద ఉత్తరీయం తప్ప ఏమీ ఉండదు, అదీ హోమం దగ్గర జారుతూనే ఉంటుంది. జంధ్యానికి మైకు పెట్టుకోమని అడగడం మర్యాద కాదు. విడి మైకు ఉంటే దాన్ని ఛాతీ మీద మైక్రోపోర్‌తో అంటించి, వైరుకు ఒక చిన్న మెలిక ఇచ్చి, ట్రాన్స్‌మిటర్‌ను పంచె నడుం దగ్గర పెట్టండి. ఆ మెలిక దగ్గర రెండో టేపు వేయాలి, వైరు లాగినా మైకు కదలదు. ట్రాన్స్‌మిటర్‌ను వీపు వైపు కాకుండా కెమెరా ఉన్న పక్క నడుముకు పెట్టాలి.

ధర్మరాజు గుడి దగ్గర మహాభారతం హరికథ చెప్పే భాగవతార్‌కు చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. చిడతలు ఛాతీ ఎత్తులోనే మోగుతాయి కాబట్టి మైకు ఎక్కడ పెట్టినా అవి పడతాయి. వాటిని తప్పించాలని చూడకుండా, చిడతలు బలంగా మోగినప్పుడు లెవెల్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తగ్గించుకోండి. కథకు అవీ కావాలి.

జాగ్రత్త ఒకటుంది. కొన్ని మైకులు బలమైన అయస్కాంతంతో బట్టకు అతుక్కుంటాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అయస్కాంతం ఛాతీ దగ్గరికి రానివ్వకూడదు. పెద్దవాళ్లకు పెట్టేముందు ‘గుండెకు మిషను ఏమైనా పెట్టించుకున్నారా’ అని నేరుగా అడిగి, ఉంటే మామూలు క్లిప్పు మైకు వాడండి.

7. లెవెల్ సర్దే వరస

వరస తప్పితే రొద పెరుగుతుంది. పైనుంచి కిందికి ఇలా చేయండి.

- కెమెరాలో ఆటో ఆడియో ఆఫ్ చేసి, మాన్యువల్ పెట్టండి. ఆటోలో ఉంటే మాట్లాడే మనిషి మాట ఆపగానే ఫ్యాను హోరు పైకి లేస్తుంది.
- కెమెరా మైక్ లెవెల్‌ను బాగా తగ్గించండి, అట్టడుగు నుంచి ఒకటి రెండు మెట్లు చాలు.
- రిసీవర్ అవుట్‌పుట్‌ను పెంచుతూ రండి.
- మాట్లాడే మనిషిని ఆయన అసలు గొంతుతో అరనిమిషం మాట్లాడమనండి. ‘హలో మైక్ టెస్టింగ్’ అన్న గొంతు వేరు, కథలోకి దిగాక వచ్చే గొంతు వేరు.
- మీటరులో గట్టి మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నా ఎన్నడూ తాకకూడదు.
- ఫోన్‌తో తీసేవాళ్లు గెయిన్‌ను ట్రాన్స్‌మిటర్ లేదా రిసీవర్‌లోనే సర్దుకోవాలి.

ఇద్దరు మాట్లాడితే మోనో కాకుండా స్టీరియో పెట్టండి. ఒకరి గొంతు ఎడమ ట్రాకులో, రెండోవారిది కుడి ట్రాకులో పడుతుంది. ఒకరు దగ్గినా రెండోవారి మాట శుభ్రంగా ఉంటుంది, ఎడిటింగ్‌లో రెండూ మధ్యకు తెచ్చుకోవచ్చు. మాట్లాడేది ఒక్కరే అయితే మోనో, లేకపోతే చూసేవాళ్లకు ఒక చెవిలోనే వినిపిస్తుంది.

8. చోటును బట్టి మార్పులు

కల్యాణ మండపం: రిసీవర్‌ను కెమెరా మీద, జనం తలల కన్నా ఎత్తులో ఉంచండి. జేబులో పెట్టుకుంటే మీ ఒళ్లే అడ్డం. లైవ్ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, రిసీవర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. మైక్‌సెట్ వాళ్ల మిక్సర్ నుంచి వైరు తీసుకుంటే, అది లైన్ లెవెల్, అంటే మైకు సిగ్నల్ కన్నా చాలా బలమైనది. నేరుగా మైక్ సాకెట్‌కు ఇస్తే చిర్రుమంటుంది. మిక్సర్‌లోనే తగ్గించమనండి, లేదా శబ్దాన్ని తగ్గించే వైరు వాడండి.

గంగమ్మ జాతర: డప్పులు, విజిళ్ల మధ్య ఏ కాలర్ మైకూ ఇంటర్వ్యూ చేయలేదు. నోటి దగ్గర పట్టుకునే చేతి మైకు మేలు. కాలర్ మైకే ఉంటే దాన్ని చేత్తో పట్టి, గడ్డానికి బెత్తెడు దూరంలో ఉంచండి. చూడ్డానికి బాగుండకపోయినా మాట వినిపిస్తుంది.

హార్స్‌లీ కొండలు, తలకోన: కొండగాలికి నురగ టోపీ చాలదు, బొచ్చు కవరు పెట్టాల్సిందే. లో-కట్ (అడుగు స్థాయి ధ్వనులను కోసేసే సెట్టింగ్) 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర ఆన్ చేయండి. జలపాతం హోరు మాత్రం లో-కట్‌తో పోదు, అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉంటుంది. మనిషిని నీటికి వీపు పెట్టి నిలబెడితే మైకుకూ నీటికీ మధ్య ఆయన ఛాతీ కొంత అడ్డం వస్తుంది. ఇంకో ఇరవై అడుగులు వెనక్కి రావడం అంతకన్నా మంచిది.

అనుమతులు: తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ట్రైపాడ్ వేసి తీయాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి.

9. తరచూ వచ్చే తప్పులు, వాటికి విరుగుడు

మాట మధ్యలో తెగుతోంది. ట్రాన్స్‌మిటర్ వీపు వైపు ఉందేమో చూడండి. ముందుకు మార్చండి, రిసీవర్‌ను ఎత్తుకు జరపండి, దగ్గర్లోని హాట్‌స్పాట్లు ఆపించండి. అప్పటికీ తెగితే లోపలి రికార్డింగ్ ఆన్ చేసి కానివ్వండి.

సన్నగా ‘గుం’ అని మోగుతోంది. కెమెరాకో ల్యాప్‌టాప్‌కో ఛార్జర్ పెట్టి ఉంటే తీసేయండి. 50 హెర్ట్జ్ కరెంటు రొద చాలాసార్లు అలా పోతుంది.

మీటరు ఆడుతోంది, వీడియోలో శబ్దం లేదు. వైరు గీతలు చూసుకోండి, తర్వాత సాకెట్. కొన్ని రిసీవర్లకు హెడ్‌ఫోన్ సాకెట్, అవుట్‌పుట్ సాకెట్ పక్కపక్కనే ఉంటాయి.

విడిగా రికార్డయిన శబ్దం గంట గడిచేసరికి పెదవులతో కలవట్లేదు. రెండు పరికరాల గడియారాలు కొద్దికొద్దిగా వేరుగా నడుస్తాయి. మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కొట్టించండి. ఎడిటింగ్‌లో రెండు చప్పట్లూ కలిసేలా శబ్దాన్ని పిసరంత సాగదీయండి. రెండింటిలోనూ ఆడియో శాంపిల్ రేటును 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టడం మరవకండి.

మధ్యాహ్నానికి గొంతు మూసుకుపోయినట్టు అయింది. మేలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చెమట మైకు జాలీ మీద పొరలా పడుతుంది. జాలీని మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టండి, ఊదకండి. చెమట పట్టేవాళ్లకు విడి మైకు పెట్టి, ట్రాన్స్‌మిటర్‌ను చిన్న జిప్ కవరులో పెట్టి నడుముకు కట్టండి.

10. బయల్దేరే ముందు, తిరిగొచ్చాక

- ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్, ఛార్జింగ్ పెట్టె: అన్నీ నిండా ఛార్జ్
- లోపలి రికార్డింగ్ ఆన్, పాత ఫైళ్లు కాపీ చేసి చెరిపేసినవి
- టీఆర్ఎస్ వైరు ఒకటి అదనంగా
- వైరున్న హెడ్‌ఫోన్
- మైక్రోపోర్ టేపు, చిన్న కత్తెర, జిప్ కవర్లు
- బొచ్చు కవర్లు రెండు (ఒకటి ఎలాగూ పోతుంది)
- వైరున్న కాలర్ మైకు, సెట్టు మొత్తం మొరాయిస్తే ఆదుకోవడానికి
- పవర్ బ్యాంకు

తిరిగి వచ్చిన రాత్రే ట్రాన్స్‌మిటర్‌లోని ఫైళ్లను కంప్యూటర్‌లోకి దించి, ఒక్కోదాన్ని ఎక్కడో ఒకచోట వినండి. కొన్ని సెట్లు మెమరీ నిండగానే పాత రికార్డింగ్ మీదే కొత్తది రాస్తాయి.

చిన్న 2.4 సెట్లలో బ్యాటరీ లోపలే అతికి ఉంటుంది, మార్చుకునేలా ఉండదు. వారాల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌లో ఉంచి, నెలకోసారి చూసుకోండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లకండి, లిథియం బ్యాటరీని వేడి ముందుగా చంపుతుంది. ఐదారు గంటలు నడిచే ట్రాన్స్‌మిటర్ మూడు గంటలకే ఆగిపోతోందంటే, ఆ సెట్టును ఇంట్లో పాఠాలకు పెట్టుకుని, పెళ్లిళ్లకు కొత్తది చూసుకోండి.